జాబులూ జవాబులూ: బొల్లారం గుర్రాలు, అసల్ ఉత్తర్ ట్యాంకులు

గత సంచికలో దక్కన్ హార్స్ మీద వేసిన చిన్న పరిచయానికి చాలా జాబులు వచ్చాయి. భారత సైన్యంలో 9 హార్స్ అని పిలిచే ట్యాంకు రెజిమెంటు అది. దాని మూలం 1790లో హైదరాబాద్ నిజాం కొలువు కోసం కట్టిన గుర్రపు దళమని ఆ పరిచయంలో రాశాం. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఎక్కువమందికి చిక్కు పడింది. ముందు ఆ ముడి విప్పి, తక్కిన ప్రశ్నలకు వెళ్దాం.

*

దక్కన్ హార్స్ అంటే నిజాం సైన్యమేనా? మా తాతగారు హైదరాబాద్ లాన్సర్స్‌లో రౌతుగా చేశారని ఇంట్లో చెబుతారు. రెండూ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి

ఒకటి కాదండీ. పేర్లు దగ్గరగా ఉండటంతో పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

హైదరాబాద్ రాజ్యంలో రెండు రకాల సైన్యం ఉండేది. ఒకటి నిజాం సొంత సైన్యం, దాని మీద హుకుం నిజాందే. మీ తాతగారి హైదరాబాద్ లాన్సర్స్ ఈ కోవలోది. రెండోది హైదరాబాద్ కంటింజెంట్. దాని ఖర్చు నిజాంది, అధికారులు మాత్రం తెల్లవాళ్లు, హుకుం రెసిడెంటుది, అంటే నిజాం కొలువులో ఉండే బ్రిటిష్ ప్రతినిధిది. 1811 నుంచి 1820 దాకా రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు, అందుకే మొదట్లో దీన్ని రస్సెల్ బ్రిగేడ్ అనేవారు. ముఖ్యస్థావరం బొల్లారం. దక్కన్ హార్స్ పుట్టింది ఈ కంటింజెంట్ ఆశ్వికదళం నుంచి.

నిజాం సొమ్ముతో నడుస్తూ నిజాం మాట వినని సైన్యం! జీతాల బాకీ పేరుకుపోవడంతో 1853 ఒప్పందంలో ఇప్పటి మహారాష్ట్రలోని బీరార్‌ను, రాయచూర్ దోఆబ్‌ను, ఉస్మానాబాద్ వైపు జిల్లాలను బ్రిటిష్‌వాళ్లు తమ చేతిలోకి తీసుకున్నారు. 1860లో తక్కినవి తిరిగొచ్చాయి కానీ బీరార్ రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయలకు బీరార్‌ను శాశ్వత కౌలుగా రాయించుకున్నారు. ఆ మరుసటేడు కంటింజెంట్‌ను రద్దుచేసి భారత సైన్యంలో కలిపేశారు. ఒక గుర్రపు దళం జీతాల లెక్క ఒక రాష్ట్రమంత భూమిని మింగిందన్నమాట.

1903లో కంటింజెంట్ గుర్రపు పటాలాలకు కొత్త అంకెలు వచ్చాయి. 1వ లాన్సర్స్ 20వ దక్కన్ హార్స్ అయింది. 2వది 29వ లాన్సర్స్ (దక్కన్ హార్స్) అయింది. 4వది 30వ లాన్సర్స్ (గోర్డన్స్ హార్స్) అయింది. 3వదాన్ని విడగొట్టి మిగతావాటిలో సర్దేశారు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఖర్చు తగ్గించుకోవడానికి 39 గుర్రపు పటాలాలను 21కి కుదించినప్పుడు 20, 29 కలిసి 9వ రాయల్ దక్కన్ హార్స్ అయ్యాయి. 30వది వేరే ఇంటికి వెళ్లింది: మద్రాసు వంశానికి చెందిన 26వ లైట్ కావల్రీతో కలిసి 8వ లైట్ కావల్రీ అయింది. ఈ 8వ అంకెను గుర్తుపెట్టుకోండి, 1965లో పాకిస్తాన్‌తో ట్యాంకు యుద్ధం జరిగిన పంజాబ్ ఊరు అసల్ ఉత్తర్ దగ్గర మళ్లీ కనబడుతుంది.

మీ తాతగారి లాన్సర్స్ మొదటి ప్రపంచయుద్ధంలో మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్స్‌తో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో ఉండేవారు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే. అయితే 1918 సెప్టెంబర్ 23న హైఫా మీదికి దూకిన దాడిలో ముందున్నది జోధ్‌పూర్, మైసూర్ రౌతులు. హైదరాబాద్ వాళ్లు ఆ దాడిలో లేరు. ‘హైఫాను గెలిచిన హైదరాబాదీలు’ అని ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్మకండి. విచిత్రమేమంటే ఆ రోజుల్లో 20వ దక్కన్ హార్స్ కూడా పాలస్తీనాలో అదే 5వ కావల్రీ డివిజన్‌లో, పక్క బ్రిగేడ్‌లో ఉంది. నిజాం సొంత రౌతులు, ఆయన సొమ్ముతో పుట్టిన రౌతులు ఒకే డివిజన్‌లో నడిచారు.

హైదరాబాద్ లాన్సర్స్‌కూ ట్యాంకు వారసత్వం లేకపోలేదు. 1965లో పాకిస్తాన్‌తో ఫిల్లోరా యుద్ధంలో పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంటును నడిపిస్తూ సెప్టెంబర్ 16న ప్రాణమిచ్చి, పరమవీరచక్ర పొందిన లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దేశిర్ తారాపూర్ అంతకుముందు హైదరాబాద్ లాన్సర్స్ అధికారే. 1951లో పూనా హార్స్‌కు మారారు.

*

గుర్రాల మీద పోయేవాళ్లకు ట్యాంకులిచ్చారు సరే, అసలు ట్యాంకును ట్యాంకు అని ఎందుకంటారు? మా అబ్బాయి ట్యాంక్‌బండ్ మీద ట్యాంకులు ఎక్కడున్నాయని అడుగుతున్నాడు.
— ఒక తండ్రి, చిక్కడపల్లి

ట్యాంక్‌బండ్‌లోని ట్యాంకు చెరువు. దక్షిణాదిలో ఇంగ్లిష్‌వాళ్లు చెరువును అలాగే రాసేవారు. యుద్ధపు ట్యాంకు పేరులోనూ నీళ్లే ఉన్నాయి. లింకన్ పట్టణంలో రహస్యంగా ఈ బండ్లు తయారుచేస్తున్నప్పుడు, మెసపొటేమియాకు నీళ్లు మోసే తొట్లని కార్మికులకు చెప్పారు. ఆ దొంగపేరే నిలిచిపోయింది.

దక్కన్ హార్స్‌కు ఇందులో ఒక ముడి ఉంది. 1916 జులై 14 సాయంత్రం, ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర హై వుడ్ అనే చెట్ల తోపు పక్క పొలాల్లో సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌కు చెందిన 20వ దక్కన్ హార్స్, 7వ డ్రాగూన్ గార్డ్స్ బల్లేలు దించి దౌడు తీశాయి. మరతుపాకుల ముందుకు గుర్రాలు పోతే ఊచకోతే అనుకుంటాం. కానీ ఆ పూట బ్రిగేడ్ మొత్తంలో చనిపోయినవాళ్లు పదిమంది లోపే, గాయపడ్డవాళ్లు వందలోపు. గుర్రాలే ఎక్కువ పోయాయి. శత్రువు ఇంకా కుదురుకోలేదు, పైరు ఏపుగా ఉంది, దౌడు దూరం తక్కువ. తోపు మాత్రం చేతికి రాలేదు. రెండు నెలల తరవాత సెప్టెంబర్ 15న లోకంలో మొట్టమొదటిసారి ట్యాంకులు యుద్ధంలోకి దిగాయి. అందులో నాలుగింటిని పంపింది ఈ హై వుడ్‌కే. ఫిరంగులు కొట్టగా మిగిలిన చెట్ల మోళ్ల మధ్య అవి ఇరుక్కుపోయాయి. తోపును ఆ రోజు కాల్బలమే గెలిచింది.

*

ముత్తాతగారి వెండి పతకం ఒకటి దొరికింది. అంచు మీద ఒక అంకె, ‘సోవార్’ అనే మాట, ఆయన పేరు, చివర ‘29 ఎల్‌సీఆర్‌ఎస్’ అని ఉన్నాయి. ఏ పటాలం? వివరాలు ఎలా తెలుసుకోవాలి? చింతపండుతో తోమితే మెరుస్తుందా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

చివరిదాంతో మొదలుపెడతాం. తోమకండి! చింతపండు, విబూది, నిమ్మకాయ, పసుపురంగు డబ్బాలో దొరికే పాలిష్, ఏదీ వద్దు. చింతపండులోని పులుపు వెండి పైపొరను తింటుంది. విబూది సన్నని ఉప్పుకాగితంలా గీస్తుంది. అంచు మీది అక్షరాల లోతు మిల్లీమీటరులో చిన్న భాగమే. నాలుగు దసరాలకు నాలుగుసార్లు తోమితే ముత్తాతగారి పేరు పోతుంది. మెత్తని పాత నూలుగుడ్డతో పొడిగా తుడవండి. జిడ్డుంటే డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన దూదితో ఒత్తి, వెంటనే ఆరబెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. పీవీసీ కవరు మన ఎండలకు చెమర్చి లోహం మీద పచ్చని జిగురు వదులుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచండి. రిబ్బన్ చిరిగినా పాతదాన్ని పారేయకండి.

చదవడానికి పతకాన్ని నల్లగుడ్డ మీద నిలబెట్టి, టార్చిలైటును పక్కనుంచి నేలబారుగా వెయ్యండి. కొంచెం కొంచెం తిప్పుతూ ఏడెనిమిది ఫొటోలు తీస్తే అక్షరాలు నీడల్లో లేస్తాయి. ముందున్న అంకె అన్నిటికన్నా విలువైనది. పేరును గుమస్తా ఎలా విన్నాడో అలా రాశాడు, అంకె మాత్రం మారదు.

‘29 ఎల్‌సీఆర్‌ఎస్’ అంటే 29వ లాన్సర్స్. పై జవాబులో చెప్పిన రెండో దక్కన్ హార్స్ అదే. ‘దక్కన్’ అనే మాట పతకం మీద లేదని వేరే పటాలం అనుకోకండి. వెండి పతకం బ్రిటిష్ వార్ మెడల్ అయివుంటుంది. పోరాడే సిపాయికి వెండిది, సైసులు (గుర్రాలను చూసుకునేవాళ్లు), వంటవాళ్ల వంటి అనుచరులకు కంచుది ఇచ్చారు. మీవారిది వెండిది, ‘సోవార్’ అనీ ఉంది, కనక రౌతే. దాంతోపాటు పసుపు మెరుపు ఉన్న విక్టరీ మెడల్, నక్షత్రం ఆకారంలో మూడోదీ ఉండే అవకాశం ఉంది, పెట్టెలో మళ్లీ వెతకండి. నక్షత్రానికి పేరు అంచు మీద ఉండదు, వెనకవైపు నున్నటి భాగం మీద ఉంటుంది.

వెతకడం ఎలా? యుద్ధంలో చనిపోయుంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుంటుంది. ఫ్రాన్స్‌లో సమాధి తెలియని భారతీయుల పేర్లు న్యూవ్ షాపెల్ స్మారకం మీద చెక్కారు. జాబితాలో పేరుతో కాకుండా రెజిమెంటుతో, అంకెతో వెతకండి. కొన్ని నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఇక్కడొక గోతి ఉంది. మీ నిజామాబాద్‌కు 1905 ముందు పేరు ఇందూరు. ఇంగ్లిష్‌లో అది ‘ఇండోర్’ లాగా పడి, మధ్యభారతంలోని ఇండోర్ అయికూర్చుంటుంది. అలాగే కరీంనగర్‌ను ఎలగందల అని, ఖమ్మాన్ని ఖమ్మంమెట్టు అని వెతకాలి.

బతికొచ్చినవాళ్ల సంగతి కొంచెం కష్టం. పటాలం రోజువారీ యుద్ధ దినచర్యలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 అనే వరుసలో ఉన్నాయి. వాటిలో అధికారుల పేర్లు ఉంటాయి, మామూలు రౌతు పేరు అరుదు. అయినా మీవారి పటాలం ఏ రోజు ఏ ఊళ్లో ఉందో తెలుస్తుంది. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం దస్త్రాలను ‘అభిలేఖ్ పటల్’ అనే పోర్టల్లో ఇంటినుంచే వెతకొచ్చు. ఆయన నిజాం సొంత సైన్యంలో చేసివుంటే దారి వేరు: తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాలి, ఉర్దూ, పార్శీ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లాలి. ఈమధ్య కాలపు ట్యాంకు సిపాయిల సర్వీసు, పింఛను కాగితాలు అహ్మద్‌నగర్‌లోని (ఇప్పుడు అహిల్యానగర్) ఆర్మర్డ్ కోర్ రికార్డ్స్‌లో ఉంటాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

*

1857లో ఈ పటాలం ఎవరి పక్షం? సూటిగా చెప్పండి.
— ఒక పరిశోధక విద్యార్థి, వరంగల్

రెండు పక్షాలూ. 1857 జూన్‌లో ఔరంగాబాద్‌లో ఉన్న కంటింజెంట్ 1వ కావల్రీ, అంటే ఇవాళ్టి దక్కన్ హార్స్ సూటి పూర్వీకులు, నిజాం హద్దు దాటి పోయి ఢిల్లీ పాదుషా మీద కత్తి ఎత్తబోమని ఎదురుతిరిగారు. పుణె వైపు నుంచి జనరల్ వుడ్‌బర్న్ దళం వచ్చి అణచివేసింది, కొందరికి మరణశిక్షలు పడ్డాయి. కంటింజెంట్ రౌతుల్లోంచి తప్పించుకుని హైదరాబాద్ చేరిన జమాదార్ చీదాఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. అతణ్ని విడిపించాలనే జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలోని రెసిడెన్సీ మీదికి జనంతో వెళ్లారు. పట్నంలో పేరు తెలిసిన ఆ దాడికి నిప్పురవ్వ ఈ గుర్రపు దళం నుంచే వచ్చింది.

కంటింజెంట్‌లో మిగిలినవాళ్లు మాత్రం 1858లో బ్రిటిష్ జనరల్ హ్యూ రోజ్ దళంలో ఝాన్సీ, కాల్పీ, గ్వాలియర్ దాకా నడిచారు, రాణీ లక్ష్మీబాయికి ఎదురుగా. ‘సెంట్రల్ ఇండియా’ అనే యుద్ధ గౌరవం ఆ ఖాతాలోదే. స్వాతంత్ర్యం వచ్చాక సొంత దేశస్థుల మీద గెలిచిన ఇలాంటి గౌరవాలను మన సైన్యం పండుగలా జరుపుకోదు. చరిత్ర పుటల్లో మాత్రం ఉంటాయి, ఉండాలి కూడా.

కంటింజెంట్ రౌతుల్లో అంతకుముందే ఉక్కపోత ఉంది. 1855 సెప్టెంబర్‌లో మొహర్రం ఊరేగింపు గొడవలో 3వ కావల్రీ వాళ్లు బొల్లారంలో తమ బ్రిగేడియర్ కోలిన్ మెకంజీనే నరికి తీవ్రంగా గాయపరిచారు. వీళ్లు ‘సిలాదారీ’ పద్ధతి రౌతులని మరవకూడదు. గుర్రం, జీను, కత్తి, దుస్తులు రౌతు సొంతం, సర్కారు ఇచ్చేది తుపాకీ, జీతం. పటాలంలో చోటుకు ‘అసామీ’ అనే ధర ఉండేది. రౌతు తప్పుకుంటే ఆ సొమ్ము తిరిగొచ్చేది. అప్పుచేసి అసామీ కొన్నవాడికి పటాలం కొలువే కాదు, పొలం లాంటి ఆస్తి కూడా. ఫ్రాన్స్‌లో గుర్రాలు వందల్లో పోయినప్పుడు ఈ లెక్క కుప్పకూలింది. చచ్చిన గుర్రం బదులు సముద్రం ఆవల రౌతు ఇంకోదాన్ని ఎక్కడ కొనగలడు? యుద్ధం కాగానే ఆ పద్ధతిని ఎత్తేశారు.

*

బర్మా యుద్ధంలో జపాన్ సైనికులు గుంటల్లో బాంబులు ఒళ్లో పెట్టుకుని ట్యాంకుల కోసం కూర్చునేవారని విన్నాం. నిజమా, కట్టుకథా?
— ఒక పాఠకుడు, కాకినాడ

నిజమే. 1945 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మెయిక్టిలా పట్టణం దగ్గర. ట్యాంకులను ఆపే ఫిరంగులు చాలక, 250 కిలోల విమానపు బాంబును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, చేతిలో బండరాయితో గుంటలో కూర్చునేవారు. పైకి ట్యాంకు రాగానే రాయితో మొన మీద కొట్టాలి. అందుకే ట్యాంకుకు ముందూ పక్కనా కాల్బలం నడుస్తూ గుంటలు చూసుకునేది. ఒంటరి ట్యాంకు గుడ్డిదని ట్యాంకువాళ్లే అంటారు.

అక్కడ 17వ డివిజన్‌తో నడిచిన 255వ ట్యాంకు బ్రిగేడ్‌లో దక్కన్ హార్స్, ప్రోబిన్స్ హార్స్ రెండూ షెర్మన్ ట్యాంకులతో పక్కపక్కనే ఉన్నాయి. మాండలే వైపున్న జపాన్ సైన్యానికి తిండీ మందుగుండూ పోయే ముడి మెయిక్టిలా. అది తెగేసరికి పైనున్నవాళ్లు ఎండిపోయారు. దేశవిభజనలో 18 ట్యాంకు రెజిమెంట్లలో 12 మనకు, 6 పాకిస్తాన్‌కు పోయాయి. దక్కన్ మనకు, ప్రోబిన్స్ వాళ్లకు. 1965లో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర ఈ పాత జంట ఎదురెదురు పక్షాల్లో తేలింది.

*

అసల్ ఉత్తర్‌లో పాత షెర్మన్లు కొత్త ప్యాటన్లను ఎలా గెలిచాయి? ‘మనవాళ్ల ధైర్యం’ అని కాకుండా లెక్కతో చెప్పండి.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

లెక్క ప్రకారం ఓడిపోవాల్సింది మనమే, మాస్టారూ. మన షెర్మన్ రెండో ప్రపంచయుద్ధపు బండి, 30 టన్నుల పైచిలుకు, 76 మిల్లీమీటర్ల తోపు (ఫిరంగి). పాకిస్తాన్ ప్యాటన్ 45 టన్నుల దరిదాపు, 90 మిల్లీమీటర్ల తోపు. ముందునుంచి కొడితే షెర్మన్ గుండు ప్యాటన్ నుదుటికి తగిలి జారిపోతుంది. ప్యాటన్ గుండు షెర్మన్‌ను ఎటునుంచైనా చీల్చుతుంది. కాబట్టి ప్రశ్న ‘ఎంత దూరం, ఏ పక్క’ అనేదే. ప్యాటన్ పక్కలు నుదుటంత మందం కావు. దగ్గరినుంచి పక్కన కొడితే 76 చాలు.

ఖేమ్‌కరణ్‌లో నిలవలేక వెనక్కి వచ్చిన 4వ మౌంటెన్ డివిజన్ 1965 సెప్టెంబర్ 7–8 రాత్రి అసల్ ఉత్తర్ చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో కూర్చుంది. మూసినవైపు మనం, తెరిచినవైపు శత్రువు. కాలవ కట్టలు తెంచి పొలాల్లోకి నీళ్లు వదిలారు. ఏపుగా ఉన్న చెరుకుతోటల్లో ట్యాంకులను దాచారు. బురదలో ప్యాటన్ల నడక మందగించింది, కొన్ని దిగబడ్డాయి. దిగబడనివి గట్టినేల వెతుక్కుంటూ పక్కకు తిరిగాయి. పక్కకు తిరగడమంటే మన తోపులకు పలచని వైపు చూపించడమే.

ప్యాటన్‌లో దూరం కొలిచే స్టీరియో యంత్రం ఉంది. రెండు బొమ్మలను కంటితో ఒకటి చేసుకోవాలి, దానికి బాగా సాధన కావాలి. ఎడారిలో కిలోమీటరున్నర దూరానికి అది వరం. చెరుకు గోడ వెనక నుంచి కొన్ని వందల మీటర్లలో బయటపడే లక్ష్యానికి ఆ యంత్రాన్ని తిప్పుకునేలోపే రెండో గుండు కూడా వచ్చేస్తుంది. షెర్మన్ గన్నర్‌కు అలాంటి హంగులేమీ లేవు, ముందే కొలిచిపెట్టుకున్న చెట్టూ గట్టూ ఆనవాళ్లు ఉన్నాయి. కూర్చుని కాచేవాడికి ఉండే మేలు అది.

గెలుపు ఒక్క దక్కన్ హార్స్‌ది కాదు. బ్రిగేడియర్ త్యాగరాజ్ చేతికింది 2వ స్వతంత్ర ఆర్మర్డ్ బ్రిగేడ్‌లో సెంచూరియన్లున్న 3 కావల్రీ, తేలికపాటి ఏఎంఎక్స్-13లున్న 8 కావల్రీ పోరాడాయి. ఈ 8వదే, పైన చెప్పిన గోర్డన్స్ హార్స్ ఇల్లు. అంటే బొల్లారం కంటింజెంట్ సంతతి రెండు శాఖలూ ఆ చెరుకుతోటల్లో ఉన్నాయి. ఈ సంగతి రాసినవాళ్లు తక్కువ. 4 గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీది 106 మిల్లీమీటర్ల తోపుతో వరసగా ప్యాటన్లను కొట్టి, ప్రాణమిచ్చి, పరమవీరచక్ర పొందింది కూడా ఇక్కడే. సెప్టెంబర్ 10కల్లా దాడి చచ్చుబడింది. మన లెక్క ప్రకారం 97 పాకిస్తాన్ ట్యాంకులు చెడిపోవడమో చిక్కడమో జరిగింది. భిఖీవింద్ దగ్గర వాటిని వరసగా నిలబెడితే జనం ‘ప్యాటన్ నగర్’ అన్నారు.

ఆ రోజుల్లో దక్కన్ హార్స్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ అరుణ్ శ్రీధర్ వైద్య. మహావీరచక్ర వచ్చింది. 1971లో బసంతర్ నది దగ్గర బ్రిగేడ్‌ను నడిపి రెండోసారీ అదే పతకం పొంది, తరవాత సైన్యాధిపతి అయ్యారు. అదే 1971లో దక్కన్ హార్స్ టీ-54 ట్యాంకులతో జమ్ము వైపు ఛాంబ్‌లో ఉంది. అక్కడ మునవ్వర్ తవి నది ఇవతలికి మన సేనలు తగ్గాల్సివచ్చింది. పటాలం చరిత్ర అన్నాక అది కూడా రాయాలి.

*

దక్కన్ అని పేరుంది కదా, తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారు?
— ఒక పాఠకురాలు, కర్నూలు

పేరు చూసి ఆశపడకండి. 19వ శతాబ్దం చివర ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్‌వాళ్లు భర్తీని ఉత్తరాదికి మళ్లించారు. దక్కనీ ముస్లిం రౌతులు తగ్గి, సిక్కులు, జాట్లు, పంజాబీ ముస్లింలు పెరిగారు. పేరు మనది, ఊరు వాళ్లది అయింది. ట్యాంకుల్లో తెలుగు గొంతు వినాలంటే 16 లైట్ కావల్రీని చూడాలి. 1776లో ఆర్కాటు నవాబు కోసం పుట్టిన ఆ పటాలం ఆర్మర్డ్ కోర్‌లో అన్నిటికన్నా పాతది, దక్షిణాది సిపాయిలకు పేరుపడ్డది.

*

మా కళాశాల ఆవరణలో సైన్యం ఇచ్చిన పాత ట్యాంకు ఉంది. టీ-54 అని కొందరు, టీ-55 అని కొందరు అంటున్నారు. సముద్రం దగ్గర కనక తుప్పు పెచ్చులూడుతోంది. రెండేళ్లకోసారి రంగు వేయిస్తున్నా ఆగడం లేదు.
— ఒక ఎన్‌సీసీ అధికారి, కోస్తా జిల్లా

ముందు పేరు తేల్చుకుందాం. పక్కకు అయిదేసి పెద్ద చక్రాలుండి, మొదటి రెండింటి మధ్య మాత్రం ఖాళీ కనబడితే అది టీ-54 లేదా 55. (ఆరు చక్రాలుండి, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాను పైన మోసే చిన్న రోలర్లూ ఉంటే విజయంత ట్యాంకో, ప్యాటనో, టీ-72నో.) ఇప్పుడు టరెట్ (తోపు బిగించిన, తిరిగే పైగది) కప్పు చూడండి. బోర్లించిన మూకుడు లాంటి గాలిమూత ఉంటే టీ-54, లేకపోతే 55. ఉంటే, ఛాంబ్‌లో దక్కన్ హార్స్ నడిపిన రకమే మీ దగ్గరుంది.

తుప్పు ఆగకపోవడానికి కారణం రంగు కాదు, లోపల నిలిచిన నీళ్లు. ఇంజను కప్పు జాలీల గుండా, మూత సరిగా పడని హ్యాచ్‌ల గుండా వాన లోపలికి పోతుంది. అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గులు బిగుసుకుపోయుంటాయి, కనక నీళ్లు బయటికి రావు. వేసవిలో ఆ నీళ్లు ఆవిరై లోపలి కప్పంతా చెమట పట్టిస్తాయి. ట్యాంకు లోపలినుంచి తింటుంటే మీరు బయట పూస్తున్నారు. రెండు మూడు ప్లగ్గులు తీయించి, ఆ రంధ్రాలకు సన్నని జాలీ బిగించండి. జాలీల కింద వాలుగా రేకు పెట్టండి. పైన టార్పాలిన్ కప్పకండి, తేమను బంధిస్తుంది. తోపు మూతి పైకి ఎత్తివుంటే వాన నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పోతాయి. మూతికి బిళ్ల బిగించి, బిళ్ల అడుగున 6–8 మిల్లీమీటర్ల చిల్లు వదలండి.

రంగు సంక్రాంతి తరవాత, ఎండ ముదరకముందు వేయించండి. మొదట మంచినీళ్లతో బాగా కడగాలి. ఉప్పు పోకుండా ప్రైమర్ వేస్తే ఆరు నెలల్లో బుడగలు వస్తాయి, మీకు జరుగుతున్నది బహుశా ఇదే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ట్యాంకరు తెప్పించండి. ఆరాక పెచ్చులు గోకి, వైర్ బ్రష్ కొట్టి, అదే పూట ప్రైమర్ వెయ్యాలి. రాత్రంతా వదిలితే సముద్రపు గాలికి మళ్లీ ఎర్రబడుతుంది. ఇసుకతో కొట్టించే పని మాత్రం వద్దు, చక్రాల బేరింగుల్లోకీ సీళ్లలోకీ పోతుంది. చక్రాలూ పట్టాలూ కలిపి పూయాల్సిన వైశాల్యం ఉజ్జాయింపుగా 100 చదరపు మీటర్లు. గరుకు ఇనుము మీద లీటరు 8 చదరపు మీటర్లకు వస్తుంది. అంటే పూతకు 12–13 లీటర్లు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు పూతలకు 25, పై రంగు రెండు పూతలకు మరో 25 లీటర్లు. పెయింటరు 10 లీటర్లతో అయిపోయిందన్నాడంటే చక్రాల వెనక, పట్టా లోపలివైపు వదిలేశాడన్నమాట. రబ్బరు అంచులకు రంగు పూయొద్దు, పగులుతుంది.

నేల సంగతి. 36 టన్నుల బండి మట్టి మీద ఉంటే పట్టాలు తేమలో కూరుకుపోతాయి. వాలున్న కాంక్రీటు దిమ్మె కావాలి, పట్టాల కింద ఇనుప పట్టీలు వేస్తే గాలి ఆడుతుంది. ఎత్తే పని లారీ జాకీలతో పెట్టుకోకండి, దగ్గరి సైనిక స్టేషన్ వర్క్‌షాప్‌ను అడగండి.

ఇక ప్రమాదాలు. లోపలి పాత మీటర్ల ముళ్లు చీకట్లో కనబడటానికి రేడియం కలిపిన రంగు వాడేవారు. మెరుపు ఇప్పుడు లేకపోయినా రేడియం అలాగే ఉంటుంది. అద్దాలు పగలగొట్టకండి, గోకకండి, గోకుడు పొడిని పీల్చకండి. పాత పైరంగులో సీసం ఉండొచ్చు, తడిచేసి గీకాలి, మాస్కు తప్పనిసరి. పిల్లలతో శ్రమదానం పెట్టించే పని ఇది కాదు. తోపు వెనక నూనె, వాయువు నిండిన సిలిండర్లు ఉంటాయి, చక్రాల టోర్షన్ కడ్డీలు మెలిపెట్టినట్టు బిగువుగా ఉంటాయి. వీటి బోల్టులు ఎవరూ ముట్టుకోకూడదు. హ్యాచ్‌లకు తాళం వేయండి. దాగుడుమూతల్లో లోపలికి దూరిన పిల్లవాడు ఆ మూతను తనంతట తెరవలేడు.

*

ఒక రెజిమెంటుకు ఎన్ని ట్యాంకులు? ఇప్పటికీ సిపాయిని ‘సోవార్’ అంటారట, గుర్రం ఏది?
— పదో తరగతి విద్యార్థిని, సూర్యాపేట

మూడు ట్యాంకులు ఒక ట్రూప్. నాలుగు ట్రూపులు, స్క్వాడ్రన్ కమాండర్ దగ్గర మరో రెండు కలిపితే 14. అలాంటి స్క్వాడ్రన్లు మూడైతే 42, రెజిమెంటు ముఖ్యస్థానంలో మూడు. మొత్తం 45. షెర్మన్‌లో అయిదుగురు కూర్చునేవారు. ఇప్పటి టీ-72, టీ-90ల్లో ముగ్గురే, గుండును యంత్రమే ఎక్కిస్తుంది. సోవార్, దఫేదార్, రిసాల్దార్ అనే పేర్లు గుర్రాల కాలం నుంచి అలాగే వస్తున్నాయి. మే 1ని ఆర్మర్ డే అంటారు, 1938లో ఆ రోజున సింద్ హార్స్ గుర్రాలు దిగి ఇనుప బండ్లెక్కింది. పాత ట్యాంకులను దగ్గరగా చూడాలంటే సెలవుల్లో అహిల్యానగర్‌లోని కావల్రీ ట్యాంకు మ్యూజియంకు వెళ్లమ్మా. ఎండలో ఇనుము కాలుతుంది, పొద్దున్నే వెళ్లు.